‘కరిగిన ఉప్పు’ అంటే ఏ ఉప్పు? కర్నూలులో కొన్న విద్యుద్విశ్లేషణ కిట్‌పై సమీక్ష

కర్నూలు పాత బస్టాండుకూ కొండారెడ్డి బురుజుకూ నడుమ ఉన్న సందుల్లో ఒకదానిలో, పాఠశాలలకు ప్రయోగశాల సామగ్రి అమ్మే చిన్న దుకాణం ఉంది. గత జూలైలో ఒక శనివారం సాయంత్రం బడి అయిపోయాక అక్కడికి వెళ్లి, ‘విద్యుద్విశ్లేషణ: కరిగిన సమ్మేళనాలు, జల ద్రావణాలు’ అని అట్ట మీద అచ్చువేసిన ఒక కిట్‌ను 1,450 రూపాయలకు కొన్నాను. నేను కర్నూలుకు ఇరవై కిలోమీటర్ల దూరంలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధిస్తున్నాను. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలతో ఆరు నెలలపాటు ఈ కిట్‌ను వాడిన తర్వాత, ఇలాంటిదే కొనాలనుకునే తోటి ఉపాధ్యాయులకూ, పిల్లల కోసం వెతికే తల్లిదండ్రులకూ ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. ఇందులో మెచ్చుకోవలసినవీ తప్పుపట్టవలసినవీ రెండూ ఉన్నాయి కనుక తయారీదారు పేరు రాయడం లేదు.

విద్యుద్విశ్లేషణ అంటే ద్రవంలోకి కరెంటు పంపి అందులోని పదార్థాలను విడగొట్టడం. నా అభిప్రాయాన్ని మొదటే చెబుతాను. జల ద్రావణాల (నీటిలో కలిపినవాటి) ప్రయోగాలకు ఈ కిట్ పెట్టిన డబ్బుకు తగినదే. పెట్టెలో సగం చోటు ఆక్రమించిన ‘కరిగిన సమ్మేళనాల’ సరంజామాను మాత్రం ఏ బడిలోనూ వాడకూడదు. కిట్‌తోపాటు ఇచ్చిన తెలుగు కరదీపికలో ఒక పేజీని సరిదిద్దకుండా పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఆ పేజీలోని పొరపాటు అచ్చుతప్పు కాదు. తెలుగులో ఈ పాఠం చెప్పే ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కు. దాని గురించే ఎక్కువగా రాస్తాను.

పెట్టెలో అడుగున రెండు రంధ్రాలున్న పారదర్శకమైన ప్లాస్టిక్ పాత్ర, వాటిలో బిగించడానికి రెండు రబ్బరు బిరడాలు, రెండు జతల కార్బన్ కడ్డీలు, రెండు రాగి పట్టీలు, గీతలున్న రెండు చిన్న పరీక్షనాళికలు, క్లిప్పులున్న తీగలు, 9 వోల్టుల బ్యాటరీ, ఒక చిన్న ఎల్ఈడీ బల్బు ఉన్నాయి. పొట్లాల్లో 50 గ్రాముల కాపర్ సల్ఫేట్, 10 గ్రాముల పొటాషియం అయోడైడ్, చిన్న సీసాలో ఫినాఫ్తలీన్ ఉన్నాయి. రెండో అరలో పింగాణీ మూస, స్పిరిట్ దీపం, ముక్కాలి పీట, ఒక తెల్లటి పొడి పొట్లం కనిపించాయి. ఆ పొడి సంగతి తర్వాత చెబుతాను.

మొదట చేసింది కాపర్ సల్ఫేట్ ప్రయోగం. కాపర్ సల్ఫేట్ అంటే మైలుతుత్తమే, అది మా పిల్లలకు కొత్త కాదు. అనంతపురం వైపు చీనీ తోటలున్న బంధువుల ఇళ్లలో తెగుళ్లకు చల్లే బోర్డో మిశ్రమం కోసం దాన్ని సున్నంతో కలపడం చూసినవారే చాలామంది. ఆ నీలి ద్రావణంలో కార్బన్ కడ్డీలు నిలబెట్టి కరెంటు ఇచ్చిన రెండు నిమిషాలకే కాథోడ్ (బ్యాటరీ రుణ ధ్రువానికి కలిపిన) కడ్డీ చివర ముందుగా ఎర్రబారి, తర్వాత మొత్తంగా కొత్త చెంబు రంగుకు తిరగడాన్ని పిల్లలు బల్ల చుట్టూ మూగి చూశారు. ఆనోడ్ (ధన ధ్రువానికి కలిపిన) కడ్డీని అంటుకొని సన్నటి బుడగలు వచ్చాయి; అది ఆక్సిజన్. అరగంట గడిచేసరికి ద్రావణపు నీలిరంగు కంటికి తెలిసేంతగా పలచబడింది. ఆ తర్వాత కార్బన్ కడ్డీలు తీసి రాగి పట్టీలు పెట్టి, తాజా ద్రావణంతో అదే ప్రయోగం చేస్తే, కాథోడ్ మీద రాగి చేరుతున్నా నీలిరంగు మాత్రం తగ్గలేదు, ఎందుకంటే ఒక పట్టీ మీద ఎంత రాగి దిగుతున్నదో, రెండో పట్టీ నుంచి అంత రాగి ద్రావణంలోకి వస్తున్నది. రాగిని శుద్ధిచేసే పద్ధతి ఇదేనని పాఠ్యపుస్తకంలోని బొమ్మ చూపి ఏళ్లుగా చెబుతున్నాను గానీ, రెండు పాత్రలను పక్కపక్కన పెట్టి రంగు తేడా చూపించిన రోజున పాఠం ఒంటబట్టినట్టు ఎప్పుడూ ఒంటబట్టలేదు.

పారిన విద్యుత్తుకు తగ్గట్టుగానే లోహం చేరుతుందన్న ఫారడే సూత్రాన్ని కూడా రాగి పట్టీలతో సరిచూశాం. కిట్‌లోని బ్యాటరీ ఇందుకు చాలదు కనుక 6 వోల్టుల ఎమర్జెన్సీ లైటు బ్యాటరీని వాడి, మల్టీమీటరును 10 ఆంపియర్ల గుంతలో పెట్టి కరెంటు కొలిచాం. 0.3 ఆంపియర్ దగ్గర నిలకడగా ఉండేలా పట్టీల దూరాన్ని కొద్దికొద్దిగా సర్దుతూ 40 నిమిషాలు నడిపాం. 0.3 ఆంపియర్‌ను 2,400 సెకన్లతో గుణిస్తే 720 కూలుంబుల విద్యుత్తు. ఒక మోల్ (కణాలను లెక్కించే ప్రమాణం) ఎలక్ట్రాన్లకు 96,500 కూలుంబులు, ఒక్కో రాగి అయాన్‌కు (విద్యుదావేశమున్న పరమాణువుకు) రెండు ఎలక్ట్రాన్లు, రాగి పరమాణు భారం 63.5, ఈ లెక్కన కాథోడ్ మీద 0.237 గ్రాముల రాగి చేరాలి. మా బడి తూకం అంత సూక్ష్మంగా చూపదు. అందుకని పట్టీని ప్రయోగానికి ముందొకసారి, తర్వాత కడిగి ఆరబెట్టి ఇంకొకసారి, తెలిసిన నగల దుకాణంలో తూకం వేయించాను. మొదట 4.12 గ్రాములు, తర్వాత 4.34 గ్రాములు, అంటే 0.22 గ్రాముల పెరుగుదల. కడిగేటప్పుడు అంచున వదులుగా ఉన్న పొడి కొంత రాలిపోవడం నేను కళ్లారా చూశాను. ఆ మాత్రం తేడాతో సూత్రం నిలబడిందని నల్లబల్ల మీద రెండు అంకెలనూ పక్కపక్కన రాసినప్పుడు, లెక్కల్లో వెనకబడిన పిల్లలు కూడా ఆ గుణకారాన్ని తామే మళ్లీ చేసి చూసుకున్నారు.

పొటాషియం అయోడైడ్ ప్రయోగం అన్నిటికంటే అందంగా ఉంటుంది. ద్రావణంలో రెండు చెంచాల గంజి కలిపి కరెంటు ఇస్తే ఆనోడ్ చుట్టూ నల్లనేరేడు రంగు మేఘం కమ్ముతుంది, ఎందుకంటే అక్కడ విడుదలైన అయోడిన్ గంజిలోని పిండిపదార్థంతో కలుస్తుంది. కాథోడ్ దగ్గర క్షారం పుడుతుంది కనుక, క్షారాన్ని పట్టిచూపే ఫినాఫ్తలీన్ గులాబీ రంగుకు మారుతుంది. ఫినాఫ్తలీన్ అయిపోతే కంగారు పడనక్కర్లేదు. చిటికెడు పసుపు కలిపినా క్షారం పుట్టిన చోట పారాణి రంగు వస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మూడో వారంలో వంట ఉప్పు ద్రావణం ప్రయోగం చేశాం. గాఢమైన ఉప్పు నీటిలో కాథోడ్ దగ్గర జోరుగా బుడగలు వచ్చాయి. నాళికలో పట్టి అగ్గిపుల్ల చూపితే టప్పుమని పేలింది కనుక అది హైడ్రోజన్ అని తేలింది. ఆనోడ్ దగ్గర బ్లీచింగ్ పౌడర్ వాసన వచ్చింది. తడిపిన నీలి లిట్మస్ కాగితాన్ని దగ్గర పెడితే ఒక్క క్షణం ఎర్రబడి, ఆపైన రంగు పూర్తిగా పోయి తెల్లబడింది, అది క్లోరిన్. ఇంతవరకు బాగానే ఉంది. అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె కరదీపిక తెరిచి పట్టుకొని, “సార్, ఇందులో కాథోడ్ దగ్గర సోడియం వస్తుందని రాశారు. పోయిన నెల సోడియం నీళ్లలో పడితే భగ్గుమంటుందని మీరే వీడియో చూపించారు కదా. నీళ్లలోనే సోడియం పుడుతుంటే మంటేది సార్?” అని అడిగింది.

ఆ అమ్మాయి వేలు పెట్టి చూపిన చోట ‘కరిగిన ఉప్పులో విద్యుత్ ప్రవహింపజేసినప్పుడు కాథోడ్ వద్ద సోడియం, ఆనోడ్ వద్ద క్లోరిన్ ఏర్పడతాయి’ అన్న వాక్యం ఉంది. దాని కిందనే నీటి పాత్ర బొమ్మ ఉంది. ఆ వాక్యం ఒక అర్థంలో పూర్తిగా నిజం, ఇంకో అర్థంలో పూర్తిగా తప్పు. మన భాషలో చక్కెర నీళ్లలో కరుగుతుంది, మంచుగడ్డ ఎండలో కరుగుతుంది, మైనం సెగకు కరుగుతుంది. నీటిలో కలిసిపోవడానికీ, వేడికి ద్రవంగా మారడానికీ మనం వాడే క్రియ ఒక్కటే. ఇంటి మాటల్లో దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. విద్యుద్విశ్లేషణ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ రెండు ‘కరగడాల’ మధ్య తేడాయే మొత్తం పాఠం. కరదీపిక రాసినవారు వేడికి కరిగిన ఉప్పు గురించిన వాక్యాన్ని తెచ్చి, నీటిలో కరిగిన ఉప్పు బొమ్మ మీద పెట్టారు. అది అర్థం కాగానే, ఇరవై ఏళ్లుగా నేను కూడా తరగతిలో ‘కరిగిన’ అన్న మాటను రెండు విధాలా వాడుతూ, పరీక్ష పేపర్లలో పిల్లలు తప్పు రాశారని మార్కులు తీసేస్తూ వచ్చానన్న సంగతి మనసును కలుక్కుమనిపించింది. ఉన్నత తరగతుల పుస్తకాల్లో వేడికి కరగడానికి ‘ద్రవీభవించిన’, ‘గలన స్థితి’ అన్న మాటలు ఉన్నాయి. అవి నోటికి బరువనిపించి వదిలేస్తాం గానీ, ఈ ఒక్క పాఠంలో వదలకూడదు. ఇప్పుడు మా తరగతిలో ‘నీట కరిగిన’, ‘సెగకు కరిగిన’ అని విడదీసి పలకడం అలవాటు చేశాను.

సెగకు కరిగిన ఉప్పులో ఉండేవి సోడియం అయాన్లు, క్లోరైడ్ అయాన్లు, అంతే. మూడో పదార్థం లేదు కనుక కాథోడ్ దగ్గరికి చేరిన సోడియం అయాన్ ఎలక్ట్రాన్‌ను తీసుకొని లోహంగా మారక తప్పదు. నీట కరిగిన ఉప్పులో వీటితోపాటు నీరు ఉంది. నీరు అక్కడ ఊరికే కూర్చోదు, అది కూడా ఎలక్ట్రాన్ల కోసం పోటీపడుతుంది. ఈ పోటీని కొలిచేది ప్రామాణిక విభవం; అది ఎంత మైనస్‌లో ఉంటే పని అంత కష్టం. సోడియం అయాన్‌ను లోహంగా మార్చే విభవం మైనస్ 2.71 వోల్టులు. తటస్థమైన నీటి నుంచి హైడ్రోజన్‌ను విడిపించడానికి మైనస్ 0.41 చాలు. తేలికైన పని ఉండగా కష్టమైన పని జరగదు. కాబట్టి హైడ్రోజన్ వస్తుంది, సోడియం అయాన్లు ద్రావణంలోనే మిగిలి, నీటి నుంచి పుట్టిన హైడ్రాక్సైడ్ అయాన్లతో కలిసి సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంగా ఉంటాయి. కాథోడ్ దగ్గర పసుపు ఎర్రబడేది ఇలాంటి క్షారం వల్లే. రాగి విభవం ప్లస్ 0.34 కనుక అది నీటిని దాటి ముందుకొస్తుంది, అందుకే కాపర్ సల్ఫేట్ నీటి నుంచి రాగి దొరికింది. ఆనోడ్ దగ్గర కథ కొంచెం మెలిక తిరుగుతుంది. అక్కడ లెక్క ప్రకారం నీటి నుంచి ఆక్సిజన్ రావడమే తేలిక. కానీ కార్బన్ మీద ఆక్సిజన్ విడుదలకు అదనపు వోల్టేజి కావాలి కనుక, ఉప్పు గాఢంగా ఉంటే క్లోరిన్ వస్తుంది. ఉప్పు బాగా పలచగా ఉంటే ఆక్సిజన్ పాలు పెరుగుతుంది. ఈ చివరి మాటను పిల్లలు నమ్మడానికి అర చెంచా ఉప్పుతో ఒకసారి, పావుకేజీ ఉప్పుతో ఒకసారి చేసి వాసన పోల్చి చూపించాను. గది కిటికీలు రెండుసార్లూ బార్లా తెరిచే ఉంచాం.

ఇదే చిక్కు హంఫ్రీ డేవీకి కూడా ఎదురైంది. 1807లో ఈ ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త మొదట పొటాష్‌ను (పొటాషియం ఉన్న క్షారాన్ని) నీటిలో కలిపి కరెంటు పంపాడు. వచ్చినవి హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే. నీరు అడ్డుపడుతున్నదని గ్రహించి, ప్లాటినం చెంచాలో పొటాష్ పోసి, స్పిరిట్ దీపపు మంట మీదికి ఆక్సిజన్ ఊదుతూ దాన్ని సెగకు కరిగించాడు. చివరికి గాలిలోని తేమను పీల్చుకొని పైపైన చెమ్మగిల్లిన పొటాష్ ముక్క మీద కరెంటు పెట్టగా, ఆ కరెంటుకే అది కరిగి, పాదరసంలా మెరిసే పొటాషియం బిందువులు కనిపించాయి. ఆ వెంటనే సోడియం, మరుసటి ఏడాది కాల్షియం, బేరియం, స్ట్రాన్షియం, మెగ్నీషియం దొరికాయి. ఈ కథ చెబితే ఒక పిల్లవాడు, “మా మామ వాళ్ల ఊరి దగ్గర మంగంపేట ముగ్గురాయి ఉంది సార్, అందులో బేరియం ఉందంటారు, దాన్ని నీళ్లలో కలిపి తీయొచ్చా?” అని అడిగాడు. ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్, అది నీట కరగదు. నీటిలో కరిగినా కూడా, బేరియం సోడియం కంటే మొండిది కనుక నీరుండగా బయటికి రాదు. అడిగిన ప్రశ్నలోనే రెండు రకాల సమాధానం ఉన్నందుకు వాడిని ఆ రోజు అభినందించాను.

ఇప్పుడు కిట్‌లోని రెండో అర. స్పిరిట్ దీపం మీద మూసను పెట్టి ‘ఉప్పు కరిగే వరకు వేడిచేయండి’ అని కరదీపిక చెబుతుంది. నేను పిల్లలు లేనప్పుడు ఒంటరిగా ప్రయత్నించాను. ఉప్పు రవ్వల్లో చిక్కుకున్న తేమ ఆవిరై చిటపటలాడుతూ రవ్వలు మూస బయటికి ఎగిరాయి; అరగంట తర్వాత కూడా ఉప్పు ఉప్పులాగే ఉంది. ఉండక ఏం చేస్తుంది? సోడియం క్లోరైడ్ ద్రవీభవన స్థానం 801 డిగ్రీల సెల్సియస్. పరిశ్రమలో సోడియం తీసే డౌన్స్ ఘటంలో కూడా కాల్షియం క్లోరైడ్ కలిపి 600 డిగ్రీల దరిదాపుల్లోకి దించి నడుపుతారు. అంత వేడి ఈ దీపంతో మూసలోకి ఎక్కదు. ఒకవేళ ఎక్కినా, పుట్టే సోడియాన్నీ క్లోరిన్‌నూ కలవకుండా వేరుచేసే ఏర్పాటు ఈ కిట్‌లో లేదు.

తెల్లటి పొడి పొట్లం మీద సన్నటి అక్షరాల్లో లెడ్ బ్రోమైడ్ అని ఉంది. అది 373 డిగ్రీల దగ్గర కరుగుతుంది కనుక పాఠ్యపుస్తకాల్లో గలన (సెగకు కరిగించి చేసే) విద్యుద్విశ్లేషణకు దీన్నే ఉదాహరణగా చెబుతారు. చెప్పడం వేరు, బడిలో చేయడం వేరు. కరెంటు పంపితే ఆనోడ్ దగ్గర గోధుమరంగు బ్రోమిన్ ఆవిర్లు వస్తాయి. అవి కళ్లనూ ఊపిరితిత్తులనూ దెబ్బతీస్తాయి. మూస అడుగున చేరేది కరిగిన సీసం. సీసపు లవణాలు పిల్లల మెదడుకు హాని చేస్తాయి, ఒంట్లో చేరితే తేలికగా పోవు. విషవాయువులను బయటికి లాగే ఫ్యూమ్ కప్‌బోర్డు ఉన్న కళాశాలలో, అనుభవమున్న అధ్యాపకుడు చేసి చూపించవలసిన ప్రయోగం ఇది. ఎనిమిదో తరగతి పిల్లల కోసమని బొమ్మ వేసిన పెట్టెలో, చేతి తొడుగు గానీ ఒక్క హెచ్చరిక వాక్యం గానీ లేకుండా ఈ పొట్లాన్ని పెట్టడం క్షమించరాని నిర్లక్ష్యం. మీరు ఇలాంటి పెట్టె కొంటే, పిల్లలు తెరవకముందే ఆ పొట్లాన్ని తీసి దుకాణానికి తిరిగి ఇచ్చేయండి. మురుగు కాలువలో పారబోయకండి.

గలన విద్యుద్విశ్లేషణను బడిలో చేయి పెట్టి చూపలేకపోయినా, అది ఎందుకు అవసరమో చూపవచ్చు. కాథోడ్ దగ్గర సోడియం రాకపోవడాన్ని చూసిన పిల్లలకు, అల్యూమినియం కూడా నీటి నుంచి ఎందుకు రాదో ఒక్క మాటతో అర్థమవుతుంది. అల్యూమినియం ఆక్సైడ్ అయిన అల్యూమినా దాదాపు 2,050 డిగ్రీల దాకా కరగదు. దాన్ని సెగకు కరిగిన క్రయోలైట్ అనే ఖనిజంలో కలిపితే 950 డిగ్రీల ప్రాంతంలోనే పని జరుగుతుందని 1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ ఒకరికొకరు తెలియకుండా కనుగొన్నారు. ఇద్దరూ పుట్టింది 1863లోనే, పోయింది 1914లోనే. అక్కడ ఆనోడ్‌గా పెట్టే కార్బన్ దిమ్మలు, విడుదలైన ఆక్సిజన్‌తో మండి తరిగిపోతుంటాయి. మా కిట్ కడ్డీల నుంచి కూడా రెండు నెలల్లో నల్లటి పొడి రాలడం చూశాక, ఈ మాటకు పిల్లల్లో ఎవరూ ఆశ్చర్యపడలేదు.

నీటి ద్రావణపు పరిశ్రమ కోసం అంత దూరం పోనక్కర్లేదు. కర్నూలు పక్కన గొందిపర్లలోని శ్రీ రాయలసీమ ఆల్కలీస్ (ఇప్పుడు టీజీవీ ఎస్‌ఆర్‌ఏఏసీ) కర్మాగారంలో జరిగేది, సూత్రం వరకు, మా బల్ల మీద ప్లాస్టిక్ పాత్రలో జరిగినదే. ఉప్పు నీటిలో కరెంటు పంపి కాస్టిక్ సోడా (అంటే సోడియం హైడ్రాక్సైడ్), క్లోరిన్, హైడ్రోజన్ తీస్తారు. పంచాయతీ ట్యాంకులో వేసే బ్లీచింగ్ పౌడరు, నీళ్లు చల్లి పొడిగా విరిసిన సున్నం మీదికి క్లోరిన్ పంపితే వచ్చేదే. ఆ కర్మాగారం మీదుగా రోజూ బస్సులో వచ్చే పిల్లలు మా తరగతిలో ఇద్దరున్నారు. అక్కడ సోడియం లోహం తయారవుతుందని వారు అంతవరకు అనుకున్నారట.

కరదీపికలో లేని ఒక ప్రయోగాన్ని ఈ కిట్‌తో తప్పకుండా చేయమని కోరుతున్నాను. రెండేళ్ల కిందట మా వీధిలోకి నీటిశుద్ధి యంత్రాలు అమ్మే ఒకాయన వచ్చి, మా బోరు నీటిలో రెండు కడ్డీల పరికరం ముంచి కరెంటు ఇచ్చాడు. నిమిషంలో గ్లాసులో ఆకుపచ్చ, ఆ తర్వాత తుప్పు రంగు మడ్డి కట్టింది. తన యంత్రపు నీటిలో అదే చేస్తే ఏమీ జరగలేదు. “ఈ మురికే మీరు రోజూ తాగుతున్నారమ్మా” అన్న మాటకు మా ఇంట్లోవాళ్లూ పొరుగువాళ్లూ హడలిపోయారు. ఇప్పుడు తరగతిలో అదే బోరు నీటిని రెండు గ్లాసుల్లో పోసి, ఒకదానిలో రెండు ఇనుప మేకులు, ఇంకొకదానిలో కార్బన్ కడ్డీలు పెట్టి కరెంటు ఇచ్చాం. మేకుల గ్లాసులో మడ్డి వచ్చింది, కార్బన్ గ్లాసులో తుప్పు రంగు జాడ లేదు. ఆ మడ్డి నీటిలోనిది కాదు, ఆనోడ్ మేకు నుంచి కరిగివచ్చిన ఇనుము హైడ్రాక్సైడ్‌గా మారి పేరుకున్నది. శుద్ధిచేసిన నీటిలో లవణాలు తక్కువ కనుక కరెంటు సరిగా ప్రవహించదు, అందుకే మడ్డి రాలేదు. ఆ శుద్ధమైన నీటిలోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ మేకులు పెడితే అంతకంటే ఎక్కువ మడ్డి కట్టింది. కార్బన్ గ్లాసులో కొంతసేపటికి కాథోడ్ మీద సన్నటి తెల్లటి పొర ఏర్పడింది. అది మా నేలలోని సున్నపు నీటి గుణం. కాథోడ్ దగ్గర క్షారం పెరగడంతో కాల్షియం, మెగ్నీషియం లవణాలు అక్కడ దిగుతాయి. రాయలసీమ బోరు నీటికి శుద్ధి అక్కర్లేదని నేను అనడం లేదు. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో అది నిజంగా అవసరం. కానీ ఫ్లోరైడ్ ఉందో లేదో ఆ రెండు కడ్డీల పరికరం చెప్పలేదు.

చిన్న లోపాలను త్వరగా చెప్పేస్తాను. 9 వోల్టుల బ్యాటరీ ఉప్పు ద్రావణంలో మూడు పీరియడ్లకు వేడెక్కి అయిపోయింది. 6 వోల్టుల ఎమర్జెన్సీ లైటు బ్యాటరీ వాడితే నెలల తరబడి నడుస్తుంది. బిరడాల పక్కనుంచి నీరు కారింది, ఎం-సీల్ ముద్దతో ఆపాం. క్లిప్పులు ద్రావణానికి తగిలితే తుప్పుపడతాయి కనుక, కడ్డీల పైకొసకు మాత్రమే తగిలించాలి. నీటి విద్యుద్విశ్లేషణలో హైడ్రోజన్, ఆక్సిజన్ 2:1 ఘనపరిమాణంలో వస్తాయని కరదీపిక ఆశపెడుతుంది గానీ, వాషింగ్ సోడా ద్రావణంలో మాకు 10 మిల్లీలీటర్ల హైడ్రోజన్‌కు 4 మిల్లీలీటర్ల ఆక్సిజనే దక్కింది. కొంత ఆక్సిజన్ కార్బన్‌ను తిని కార్బన్ డయాక్సైడ్‌గా మారి సోడా ద్రావణంలో కలిసిపోతుంది, ఇంకొంత నీటిలోనే ఉండిపోతుంది. 50 గ్రాముల మైలుతుత్తం రెండు సెక్షన్లకు చాలదు, ఎరువుల దుకాణంలో తెచ్చుకోవచ్చు. వాడేసిన నీలి ద్రావణంలో పాత మేకులు వేసి రెండు రోజులు ఉంచితే రాగి మేకుల మీదికి దిగిపోతుంది, ఆ తర్వాతే పారబోయండి.

దుకాణం గురించి కూడా చెప్పాలి. డిసెంబరులో కరదీపికనూ లెడ్ బ్రోమైడ్ పొట్లాన్నీ తీసుకొని వెళ్లి విషయం చెప్పాను. యజమాని కళ్లజోడు పెట్టుకొని ఆ పేజీని రెండుసార్లు చదివి, “మేము పెట్టె విప్పి చూడం సార్. కంపెనీ నుంచి ఎట్లొస్తే అట్లనే అమ్ముతాం. సరైన మాటేందో మీరే రాసియ్యండి” అన్నారు. పొట్లాన్ని వెనక్కి తీసుకొని 110 రూపాయలు తిరిగి ఇచ్చారు. అక్కడే కూర్చొని, ‘సెగకు కరిగిన ఉప్పులో: కాథోడ్ వద్ద సోడియం, ఆనోడ్ వద్ద క్లోరిన్. నీట కరిగిన గాఢమైన ఉప్పులో: కాథోడ్ వద్ద హైడ్రోజన్, ఆనోడ్ వద్ద క్లోరిన్, పాత్రలో సోడియం హైడ్రాక్సైడ్’ అని కాగితం మీద రాసి ఇచ్చాను. పక్క జిరాక్సు షాపులో దాన్ని కాపీలు తీయించి, అరలో మిగిలిన నాలుగు పెట్టెల్లోని కరదీపికలకు ఆయన నా ఎదుటే అంటించారు, లోపలి పొట్లాలను తీసి పక్కన పెట్టారు. కార్బన్ కడ్డీలు విడిగా జత 40 రూపాయలకు అక్కడే దొరుకుతాయి. వెళ్లేవారు కరదీపిక పదకొండో పేజీ తెరిచి, చీటీ అంటించి ఉందో లేదో చూసుకొని తీసుకోండి.